టాపెట్ల చప్పుడుకు చిక్కటి ఆయిలేనా మందు?

సంపాదకులకు నమస్కారం.

నేను పటమటలో ఉంటాను. సొంత డీజిల్ కారు కిరాయికి తిప్పుతాను, ఎక్కువగా గుంటూరు ట్రిప్పులు. పోయిన సంక్రాంతి ముందు, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ పైన టకటకమని చప్పుడు మొదలైంది. అర నిమిషంలో ఆగిపోయేది. ఆటోనగర్‌లో ఒకచోట చూపిస్తే టాపెట్ల (ఇంజన్ వాల్వులను నొక్కి తెరిచే భాగాల) సౌండ్ అన్నారు. ‘బెజవాడ ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు’ అని 5డబ్ల్యూ-30 దించేసి 20డబ్ల్యూ-50 పోశారు. ఈ గ్రేడుల్లో మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనానికి, చివరి అంకె వేడెక్కాక ఉండే చిక్కదనానికి గుర్తు; అంకె పెరిగితే ఆయిల్ చిక్కన. మాన్యువల్‌లో ఆ గ్రేడే లేదు. వారం తిరక్కుండా అర నిమిషం చప్పుడు కాస్తా రెండు నిమిషాలైంది. కిరాయికి వచ్చినవాళ్లు ‘బండి దారిలో ఆగదు కదా’ అని అడుగుతుంటే ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

చివరికి ఒక పెద్దమేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తకముందే అడిగారు: ‘సౌండ్ ఎప్పుడొస్తుంది? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?’ అంతకుముందు నన్నెవరూ ఈ మాట అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

నా బండిలోవి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లు. ఒక్కోదాని లోపల చిన్న ప్లంజర్ (కదిలే కడ్డీ), స్ప్రింగ్, ఒక వాల్వ్ ఉంటాయి. లోపల ఆయిల్ నిండితేనే టాపెట్‌కూ పక్క భాగాలకూ మధ్య సందు పూడి చప్పుడు ఆగుతుంది. రాత్రి బండి ఆపాక పైనున్న ఆయిల్ కిందికి దిగిపోకుండా ఫిల్టర్‌లోని రబ్బరు వాల్వ్ పట్టుకోవాలి. నా బండిలో వేసిన చవక ఫిల్టర్‌లో ఆ రబ్బరు బిగుసుకుపోయి ఉంది. పొద్దున ఖాళీగా ఉన్న టాపెట్లకు చిక్కటి ఆయిల్ ఇంకా ఆలస్యంగా చేరింది. మళ్లీ 5డబ్ల్యూ-30, మంచి ఫిల్టర్ వేయించాను. లోపలి మడ్డి పోవాలని వెయ్యి కిలోమీటర్లకే ఇంకోసారి ఆయిల్ మార్పించాను. చప్పుడు పోయింది.

చిక్కటి ఆయిల్ ఎప్పుడూ తప్పేనని అనను. బండి బాగా వేడెక్కి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉన్నప్పుడు టకటక వస్తే అది వేరే సంగతి. అరిగిన ఇంజన్‌లో పల్చటి ఆయిల్ త్వరగా జారిపోతుంది. ముందు గేజి పుల్ల తీసి ఆయిల్ ఎంతుందో చూడాలి, ప్రెషర్ కొలిపించాలి. ఆ తర్వాత, మాన్యువల్ ఒప్పుకుంటే, ఒక మెట్టు పైకి, అంటే 40కి వెళ్లొచ్చు. 100 డిగ్రీల వేడి దగ్గర 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు. తేడా చిన్నది కాదు. బయట 45 డిగ్రీలున్నా ఇంజన్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ అదుపులో పెడతాయి కాబట్టి ఎండ పేరు చెప్పి రెండు మెట్లు ఎక్కించడం నాకు సబబుగా తోచదు. ఇక స్క్రూతో సెట్ చేసే టాపెట్లయితే ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి సందు సరిచేయించాలి. అక్కడ ఏ ఆయిల్ పోసినా ఆ సందు పూడదు.

నాలాగా బండి మీదే ఇల్లు నడుపుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. మెకానిక్ సోదరులకు నా విన్నపం ఒక్కటే: ఆయిల్ డబ్బా మూత తీసే ముందు, ఆ చప్పుడు ఎప్పుడొస్తుందో డ్రైవర్‌ని అడగండి.

– ఒక కారు డ్రైవర్, పటమట, విజయవాడ