స్క్రీన్ రీడర్‌కు అందని తెలుగు పాఠాలు

సంపాదకులకు నమస్కారం.

మా అన్నయ్య కూతురికి చూపు లేదు. ఆమె నగరంలోని ఒక కళాశాలలో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ కంప్యూటర్ తెరమీది తెలుగును ఆమెకు చదివి వినిపిస్తుంది. కానీ కళాశాల నుంచి వచ్చే నోట్సు తెరిస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వరుసగా వినబడతాయి. తెలుగు అక్షరాలను కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే యూనికోడ్ పద్ధతికి ముందు కాలపు డీటీపీ (అచ్చు కూర్పు) ఫాంట్లలో కూర్చిన పాఠం కంటికి తెలుగులా కనిపించినా, కంప్యూటర్ లెక్కలో అది తెలుగు కాదు. స్కాన్ చేసిన పుటలు ఇంకా కష్టం: అవి ఉత్త బొమ్మలు కనుక యంత్రం నోరే విప్పదు. మొన్న రాత్రి వాళ్ళమ్మ వంటింటి పని ముగించుకొని వచ్చి ఛందస్సు పాఠం పైకి చదువుతుంటే, గణాల దగ్గర ఆపించి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటూ ఆ పిల్ల ఫోన్‌లో రికార్డు చేసుకోవడం చూసి నా మనసు చివుక్కుమంది.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న స్పష్టంగా చెప్పింది. ఇతర రూపాల్లోకి పుస్తకాలను మార్చి దివ్యాంగులకు ఇవ్వడానికి కాపీరైట్ చట్టం 2012 సవరణతోనే వీలు కల్పించింది. కాబట్టి మన విశ్వవిద్యాలయాలు పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్పించి, తప్పులు దిద్దించి, వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా విద్యార్థులకు అందించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విద్యానగర్, హైదరాబాద్