బాండ్‌కు దెబ్బలు తగలాలి, నవ్వూ రావాలి

సంపాదకులకు,

జేమ్స్ బాండ్ చిత్రాలపై సృజనాత్మక అధికారం 2025లో అమెజాన్ చేతికి వెళ్లి, డెనీ విల్నవ్ దర్శకుడిగా ఖరారైనప్పటి నుంచి, కొత్త కథానాయకుడు ఎంత కరుకుగా ఉండాలన్న చర్చ సాగుతోంది. 2002లో కంటికి కనిపించని కారు దాకా వెళ్లిన ఈ వరుసను 2006లో ‘కసీనో రొయాల్’ నేలకు దించింది; అందులో డేనియల్ క్రెయిగ్ పోషించిన బాండ్ తొలి హత్యకే చెమటోడుస్తాడు, చిత్రహింసలు పడతాడు, నమ్మి ప్రేమించిన వెస్పర్ అనే యువతి చేతిలో మోసపోతాడు. విశేషమేమిటంటే, 1995లో పియర్స్ బ్రాస్నన్‌ను బాండ్‌గా పరిచయం చేసిన మార్టిన్ క్యాంప్‌బెల్లే దీనికీ దర్శకుడు.

అయితే 2015 నాటికి ప్రతినాయకుడి పగకు సైతం బాండ్ బాల్యంలోనే మూలం వెతకడం నాకు విసుగు పుట్టించింది. కరుకుదనం పేరిట హాస్యాన్ని మళ్లీ వదిలేయవద్దని నా మనవి.

— ఒక పాఠకుడు, విజయవాడ