కృతజ్ఞతకు వార్డు గుమ్మంలో రేటు కట్టకూడదు

సంపాదకుడు గారికి,

ఈ మధ్య మా మనవరాలు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టింది. డాక్టరమ్మగారు రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా మా అమ్మాయిని కనిపెట్టుకుని ఉండి, తెల్లవారుజామున సుఖప్రసవం చేయించారు. ఆ తరవాత ఆయా బిడ్డను తువ్వాలులో చుట్టి గుమ్మం దాకా తెచ్చింది కానీ మా చేతికివ్వలేదు. "మీ సంతోషం కొద్దీ ఇవ్వండి" అంటూనే, ఆడపిల్లకైతే ఐదు వందలు, మగపిల్లాడికైతే వెయ్యి అని లెక్క కూడా చెప్పింది. మా అల్లుడు జేబులు తడుముకుంటున్నంత సేపూ పసిబిడ్డ ఏడుస్తూనే ఉంది.

వైద్యుడి రుణం తీర్చుకోవాలన్న భావన మనకు కొత్తది కాదు. ముందుగా మాట ఇచ్చినా ఇవ్వకపోయినా, చికిత్స పొంది వైద్యుడికి ప్రత్యుపకారం చేయనివాడికి నిష్కృతి లేదని చరకసంహిత చెబుతుంది. వైద్యాన్ని సరుకులా అమ్ముకునేవాడు బంగారు రాశిని వదిలేసి దుమ్ముకుప్పను పట్టుకున్నట్టేనని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఇచ్చేవాడి ధర్మం ఇవ్వడమే గాని, పుచ్చుకునేవాడికి అడిగే హక్కు లేదన్నది ఈ రెండు మాటలనూ కలిపి చదివితే నాకు తోచిన అర్థం.

రాజులు రాజుల స్థాయిలోనే ఇచ్చారు. 1715లో మొఘల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ జబ్బు నయం చేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం హామిల్టన్‌కు ఏనుగు, గుర్రం, వజ్రపుటుంగరాలతోపాటు ఆయన శస్త్రచికిత్స పరికరాలకు బంగారు నమూనాలు కూడా ముట్టాయి. 1717లో కంపెనీకి దక్కిన వ్యాపార రాయితీల ఫర్మానాకు (చక్రవర్తి ఆజ్ఞాపత్రానికి) ఆ వైద్యం ఎంతవరకు కారణమన్నది చరిత్రకారులు తేల్చాల్సిన సంగతి.

నాకు వీటన్నిటికన్నా స్పెయిన్ చిత్రకారుడు గోయా చేసిన పని నచ్చుతుంది. 1819 చివర, 73 ఏళ్ల వయసులో చావు అంచుదాకా వెళ్లి బతికిన ఆయన, మరుసటి ఏడాది తననూ డాక్టర్ అర్రియేటానూ ఒకే బొమ్మలో చిత్రించాడు. అందులో గోయా తల వాల్చేసి, దుప్పటిని గుప్పిట బిగించి పట్టుకుని ఉంటాడు. డాక్టరు వెనకనుంచి ఆయన్ను పొదివి పట్టుకుని మందు గ్లాసు నోటికి అందిస్తుంటాడు. ఏ నైపుణ్యం, ఏ శ్రద్ధ తన ప్రాణం కాపాడాయో గోయా ఆ బొమ్మ కిందనే రాసిపెట్టాడు.

మనవాళ్లూ ఇలాంటివి చేస్తూనే ఉన్నారు. హస్తవాసి మంచిదని పేరున్న డాక్టరుకు తొలికాపు మామిడిపళ్లు పట్టుకెళ్లేవారు, పుట్టిన బిడ్డకు ఆయన పేరే పెట్టుకునేవారు మనకు తెలియనివారు కారు. అయితే ప్రభుత్వాసుపత్రుల్లో ఫిర్యాదుల పెట్టె కనిపిస్తుంది గాని, రోగి నాలుగు మంచి మాటలు రాసిపోవడానికి ఒక పుస్తకమైనా కనిపించదు. డిశ్చార్జి కౌంటరులో అలాంటి పుస్తకం ఒకటి ఉంచి, అందులోని మాటలను నెలకొకసారి సిబ్బంది అందరి ముందు చదివించాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను. దానితోపాటు, బిడ్డను చూపించడానికి డబ్బు అడగరాదన్న బోర్డును ప్రసూతి వార్డు గుమ్మంలోనే పెట్టించాలి. అవుట్‌సోర్సింగ్ ఆయాలకు నెలనెలా జీతం అందేలా చూడకుండా బోర్డు మాత్రం పెడితే లాభం లేదు.

ఆ పుస్తకమే ఉంటే నేను డాక్టరమ్మగారి పేరు పక్కనే ఆ ఆయా పేరు కూడా రాసేవాణ్ని. నొప్పులు పడుతున్న మా అమ్మాయి నడుము రాత్రంతా నిమురుతూ కూర్చున్నది ఆవిడే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు