వార్నింగ్‌లతో ముగిసిన లోడ్‌ను విజయంగా లెక్కించరాదు

సంపాదకులకు నమస్కారం.

బ్యాంకులు, బీమా సంస్థలు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖలు రాత్రివేళ నడిపే బ్యాచ్ జాబ్‌ల (ఫైళ్లలో వచ్చిన రికార్డులను గంపగుత్తగా డేటాబేస్‌లోకి చేర్చే, అంటే లోడ్ చేసే పనుల) మీద సామాన్యుల జమాఖర్చులు ఎంతగా ఆధారపడి ఉన్నాయో వార్తల్లో అరుదుగా కనిపిస్తుంది. జాబ్ మధ్యలో ఆగిపోతే వెంటనే ఫోన్లు మోగుతాయి, ఎవరో ఒకరు సరిచేస్తారు. డేటాబేస్ నిర్వహణలో పనిచేసే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది చివరిదాకా నడిచి, కొన్ని రికార్డులను పక్కకు నెట్టి, మరికొన్నింటి విలువలను మార్చివేసి, ‘వార్నింగ్‌లతో పూర్తయింది’ అని లాగ్‌లో (పని నడిచిన తీరును నమోదు చేసే ఫైలులో) రాసి ముగిసే జాబ్. చాలాచోట్ల దానిని విజయాల ఖాతాలోనే వేస్తున్నారు. ఈ పద్ధతి మారాలి.

ఫైళ్లలోని డేటాను ఒరాకిల్ డేటాబేస్‌లోకి చేర్చే పనిముట్టు ఎస్‌క్యూఎల్ లోడర్ తాను చేర్చలేకపోయిన రికార్డులను బ్యాడ్ ఫైలు అనే విడి ఫైలులోకి పంపుతుంది. యూనిక్స్‌లోనైతే విజయాన్ని సూచించే 0 బదులు, వార్నింగ్‌ను సూచించే 2 అనే ఎగ్జిట్ కోడ్‌ను (పని ముగిసిన తీరును తెలిపే సంఖ్యను) కూడా ఇస్తుంది. అంటే పనిముట్టు ఉన్నదున్నట్లు చెబుతూనే ఉంది. కానీ లోడర్‌ను పిలిచే స్క్రిప్టు ఆ కోడ్‌ను పరిశీలించకుండా, ఫైలును ఆర్కైవ్‌లోకి తరలించే ఆదేశంతో ముగిస్తే, జాబ్‌లను వేళకు నడిపే షెడ్యూలర్‌కు అందేది ఆ చివరి ఆదేశపు 0 మాత్రమే.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో ప్రమాదం మరింత సూక్ష్మమైనది. ఫైలులోని డేటాను చేర్చే ‘లోడ్ డేటా’ ఆదేశాన్ని ‘లోకల్’ అన్న పదం చేర్చి వాడినప్పుడు, క్లయింటు (డేటాబేస్‌కు అనుసంధానమైన వాడుకరి వైపు ప్రోగ్రాము) పంపుతున్న ఫైలును సర్వర్ మధ్యలో ఆపలేదు గనుక, ఎర్రర్లుగా ఆగవలసినవి వార్నింగ్‌లుగా మారిపోతాయి. సంఖ్య ఉండవలసిన చోట అక్షరాలు వస్తే 0 చేరుతుంది, నిడివి మించిన పేరు తెగిపోతుంది. ఈ మార్పుల వల్ల వరుసల సంఖ్య తగ్గదు కాబట్టి కేవలం వరుసలు లెక్కపెట్టేవారికి ఇవి పట్టుబడవు. పైగా 8.0 వెర్షన్‌లో డిఫాల్ట్‌గా 1024 వార్నింగ్ సందేశాలకు మించి నిల్వ ఉండవు. లోడ్ ముగిసిన వెంటనే, అదే సెషన్‌లో వాటిని తీసి భద్రపరచకపోతే ఇక దొరకవు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఇదే పని చేసే ‘కాపీ’ ఆదేశం చాలాకాలం పాటు ఒక్క తప్పు వరుస తగిలినా మొత్తం లోడ్‌నే రద్దు చేసేది. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌తో డేటా రకానికి సరిపడని విలువలున్న వరుసలను దాటవేసే వెసులుబాటు వచ్చింది. మరుసటి ఏడాది 18వ వెర్షన్‌లో ఎన్నింటి వరకు దాటవేయవచ్చో పరిమితి విధించే సదుపాయం చేరింది. ఆ పరిమితి ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న. ఎస్‌క్యూఎల్ లోడర్ డిఫాల్ట్‌గా 50 తప్పుల వరకు సహిస్తుంది, కానీ అది ఏ సంస్థ డేటానూ చూసి పెట్టిన సంఖ్య కాదు. వెబ్‌సైటు సందర్శనల చిట్టాలో వంద వరుసలు పోయినా నష్టం స్వల్పమే. జీతాల ఫైలులో ఒక్క వరుస పోతే ఒక మనిషికి ఆ నెల జీతం అందదు. అందువల్ల ఈ నిర్ణయాన్ని ఆ డేటాకు బాధ్యత వహించే విభాగమే రాతపూర్వకంగా తీసుకోవాలి. జాబ్‌ను తెల్లారేలోగా ముగించాలన్న ఒత్తిడిలో ఉన్న ఇంజినీరు తనంతట తాను పరిమితిని పెంచే పరిస్థితి ఉండకూడదు.

ఫైలు పంపేవారు చివరి వరుసలో రికార్డుల సంఖ్యతోపాటు మొత్తం సొమ్మును కూడా పేర్కొనాలి. చేరినవి, తిరస్కరించినవి, షరతుకు సరిపడక వదిలేసినవి కలిపితే ఆ సంఖ్య రావాలి, సొమ్మూ సరిపోవాలి. అప్పుడే డేటాను తాత్కాలికంగా ఉంచే స్టేజింగ్ టేబుల్ నుంచి అసలు టేబుల్‌లోకి డేటా కదలాలి. మళ్లీ నడిపినప్పుడు అవే రికార్డులు రెండోసారి చేరకుండా బ్యాచ్ నంబరు తప్పనిసరి. రోజూ వచ్చే హానిలేని వార్నింగ్‌లను మూలంలోనే తొలగించడం చిన్నపనిగా కనిపిస్తుంది గానీ, ఆ రద్దీ తగ్గకపోతే కొత్తగా వచ్చిన అసలైన వార్నింగ్‌ను ఎవరూ చదవరు.

ఆడిట్ చేసేవారికి నా విన్నపం ఒకటుంది. ఎన్ని జాబ్‌లు విజయవంతమయ్యాయన్న నివేదికతో సరిపెట్టుకోకుండా, బ్యాడ్ ఫైళ్లలో ఇప్పటికీ ఎవరూ తెరవనివి ఎన్ని, వాటిలోని రికార్డులను సరిచేసి తిరిగి చేర్చవలసిన ఉద్యోగి ఎవరు, అందుకు గడువు ఎంత అని అడగండి.

భవదీయుడు,
ఒక డేటాబేస్ నిర్వాహకుడు