గుడ్డు రంగుకు రెండింతల ధరా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా కోడలికి ఆరో నెల నడుస్తోంది. అంగన్‌వాడీలో పెట్టే గుడ్డును తినకుండా పక్కన పెట్టేస్తోందని తెలిసి, ఎందుకు బిడ్డా అని అడిగాను. "తెల్ల గుడ్డుల బలం ఉండదంట అత్తమ్మా, నాటుకోడి గుడ్డే తినాలంటున్నరు అందరు" అంది. కడుపుతో ఉన్న పిల్ల కదా అని మొన్న అంగడికి పోయి డజను నాటు గుడ్లు తెచ్చాను. ఒక్కోటి 15 రూపాయలు, మామూలు గుడ్డుకు రెండింతలు. ఇంటికొచ్చి కడిగితే గిన్నెలో నీళ్లు పల్చటి టీ డికాక్షన్‌లా అయ్యాయి. బొటనవేలితో రుద్దిన చోటల్లా తెల్లటి పెంకు బయటపడింది. పన్నెండులో తొమ్మిది అట్లాంటివే.

పోయిన డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది కోడలు వదిలేసిన గుడ్లు. ఆ మోసం, ఈ భయం రెండూ పుట్టింది ఒకే అపోహ నుంచి: పెంకు ఎర్రగా ఉంటేనే గుడ్డులో బలం ఉంటుందని.

మా అమ్మ కోళ్లు సాకేది. పొద్దుగూకితే గంపల కింద కమ్మేవాళ్లం. వాటిలో ఒకదాని గుడ్డు లేత గోధుమ రంగు, ఇంకోదానిది మీగడ రంగు, మరొకదానిది దాదాపు తెలుపు. గుడ్డును చేతిలోకి తీసుకోగానే అది ఏ కోడిదో అమ్మ చెప్పేసేది. అన్నీ ఒకే వాకిట్లో ఒకే నూకలు తిని, ఒకే పెంటకుప్పను గీరిన కోళ్లే. పెంకు రంగు మేతను బట్టి రాదని, కోడి పుట్టుకను బట్టి వస్తుందని అప్పుడే కళ్లారా చూశాను.

గుడ్డు తయారవడానికి కోడి కడుపులో ఒక రోజుకు పైనే పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే. ఏ కోడిదైనా పెంకు అంటే ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్, అది తెల్లగానే ఉంటుంది. రోడ్ ఐలాండ్ రెడ్ లాంటి జాతుల్లో చివరి గంటల్లో ప్రోటోపోర్ఫిరిన్ అనే రంగు ఆ పెంకు మీద పూతలా పడుతుంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారయ్యే దారిలో పుట్టే పదార్థమే ఇది. పూత ఎక్కువగా పైపైనే ఉంటుంది కాబట్టి, ఎర్ర గుడ్డు పగలగొట్టి పెంకు లోపల చూస్తే రంగు బాగా తేలిపోయి కనిపిస్తుంది. ఫారాల్లో ఎక్కువగా పెంచే తెల్ల లెగ్‌హార్న్ సంతతి కోళ్లు ఈ పూత వేయవు, అంతే తేడా. చిలీ దేశపు అరౌకానా కోడి అయితే నీలి గుడ్లే పెడుతుంది. ఒళ్లంతా నల్లగా ఉండే కడక్‌నాథ్ గుడ్డు కూడా నల్లగా ఉండదు, లేత గోధుమ రంగే.

ఎర్ర పెంకు ఉన్నంత మాత్రాన అది నాటుకోడిది అనుకోవడానికీ లేదు. మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లవి గోధుమ రంగు గుడ్లే. పెద్ద ఫారాల్లోనూ ఎర్ర గుడ్ల కోళ్లను పెంచుతారు. అవి కాస్త ఒళ్లున్న కోళ్లు, మేత ఎక్కువ తింటాయి కాబట్టి ధర కొంత పెరుగుతుంది. బలం మాత్రం పెరగదు. మామూలు సైజు గుడ్డులో రంగు ఏదైనా మాంసకృత్తులు 6 గ్రాముల దాకా ఉంటాయి.

పచ్చసొన సంగతి వేరు. గడ్డి, ఆకులు, మక్కలు తిన్న కోడి సొన చిక్కటి పసుపుగా ఉంటుంది. అది మేత వల్ల వచ్చేదే. వాకిట్లో తిరిగిన కోడి గుడ్డు రుచి నాకూ ఇష్టమే, దాన్ని కష్టపడి పెంచినవాళ్లకు ఎక్కువ ధర ఇవ్వడం న్యాయమే. టీ నీళ్లకు ఇవ్వడమే అన్యాయం.

ఆహార భద్రత అధికారులు పండుగలప్పుడు మిఠాయి దుకాణాలు చూసినట్టే, అంగళ్లలో గుడ్ల గంపలూ ఒకసారి తడిగుడ్డతో తుడిచి చూడాలని నా విన్నపం. అమ్మేవాళ్లు నాటు గుడ్లు, ఫారం ఎర్ర గుడ్లు విడివిడిగా పెట్టి, ఏది ఏదో రాసి అమ్మేలా చూడాలి. కొనేవాళ్లకు ఒక మాట: నిమ్మరసంతో రుద్ది పరీక్షించకండి, పులుపుకు అసలు రంగు కూడా పోతుంది. మంచినీళ్లు చాలు.

మా కోడలికి ఆ గిన్నెలో నీళ్లు చూపించాక అంగన్‌వాడీ గుడ్డు తింటోంది. మా వాడలో ఇంకో ఇద్దరు గర్భిణులు ఇంకా వదిలేస్తూనే ఉన్నారు. నా మాట కన్నా టీచరమ్మ మాట వాళ్లు ఎక్కువ నమ్ముతారు. గుడ్డు పెట్టే చోటే, పెట్టే పూటే ఈ సంగతి చెప్పమని జిల్లా శిశు సంక్షేమ అధికారులు టీచర్లందరికీ ఆదేశాలు ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్లగొండ జిల్లా