కమ్యూనిటీ హాలు తాళం తీయించండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా కాలనీ కమ్యూనిటీ హాలు గురించి వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. బయటి రాష్ట్రాల వాళ్లు ఆక్రమించుకున్న హాలును అధికారులు ఖాళీ చేయించారని రాశారు. ఆక్రమించుకున్నదెవరండీ? సాయంత్రం పూట రెండు గంటలు చాపల మీద కూర్చొని ఎక్కాలు చదివే పిల్లకాయలు. ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి బేల్దారి పనికీ, సెంట్రింగ్ పనికీ, హోటళ్లలో పనికీ వచ్చినవాళ్ల బిడ్డలు. కాలనీలో ఎవరింట్లోనైనా శుభకార్యం ఉంటే ఆ రోజు మేమే సెలవిచ్చి, హాలు ఊడ్చి అప్పగించేవాళ్లం. కరెంటు బిల్లు చందాలు వేసుకొని కట్టాం. ఇవేవీ ఆ వార్తలో లేవు. ఒక్క తల్లిని అడిగినా చెప్పేది.

ఆ హాలు లేకపోతే ఏమవుతుందో, అక్కడ పాఠాలు చెప్పిన రిటైర్డ్ టీచరుగా నాకు తెలుసు. తొమ్మిదేళ్ల ఒడియా పిల్లను వయసు చూసి నాలుగో తరగతిలో కూర్చోబెడతారు. టీచరు చెప్పే తెలుగు అర్థం కాదు. పక్క పిల్లలు నవ్వుతారు. కొన్నాళ్లు వెళ్లి మానేస్తుంది. ఆ తర్వాత తల్లి వెంట సైటుకు పోయి, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకొని ఇసుక కుప్ప దగ్గర కూర్చుంటుంది. అదే పిల్ల హాల్లో మన పిల్లలతో ఆడుతూ పాడుతూ తెలుగు పట్టేస్తుంది, అప్పుడు అక్షరాలూ వస్తాయి. చదువు ఒక్కటే కూడా కాదు. సొంతూరి రేషన్ కార్డుతోనే ఇక్కడి షాపులో బియ్యం తీసుకోవచ్చని వాళ్లలో చాలామందికి తెలిసింది ఆ హాల్లోనే. కడుపుతో ఉన్నవాళ్లు అంగన్‌వాడీలో పేరు రాయించుకోవాలని తెలుసుకున్నదీ, ఏ టీకా ఎప్పుడో కనుక్కున్నదీ అక్కడే.

ఇది మేం దయతలచి చేసిన పని కాదు. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత 2009 విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థల మీదే పెట్టింది. వయసు కాగితం లేదని వెనక్కి పంపకూడదంది. వెనకబడిన పిల్లలు తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంది. అయినా ఒక బడిలో ఆధార్ తెమ్మంటారు, ఇంకోచోట టీసీ అంటారు. పెద్ద కట్టడాల ఖర్చు మీద ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమం కోసమని వసూలు చేస్తున్నారు కదా, ఆ కార్మికుల పిల్లలకు సాయంత్రం ఒక గది ఇవ్వడానికి చేతులు రావా? ఢిల్లీలో మీరా మహాదేవన్ కట్టడాల దగ్గర కూలీల పిల్లలను పగలు చూసుకునే మొబైల్ క్రెషెస్ సంస్థను మొదలుపెట్టింది 1969లో. ఇన్నేళ్ల తర్వాత మేం ఉన్న ఒక్క హాలు కోసం అర్జీలు పట్టుకొని తిరుగుతున్నాం.

తాళం ఎందుకు వేశారంటే పైనుంచి చెప్పారంటారు. పైవాళ్లను అడిగితే కింది నుంచి ఫైలు రాలేదంటారు. అర్జీకి రసీదు కూడా ఇవ్వరు. అసలు డబ్బు పెట్టకుండా నలుగురు కూర్చునే చోటంటూ ఈ ఊళ్లో ఎన్ని మిగిలాయి? 2016లో తిరుపతి స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. గోడల మీద రంగుల బొమ్మలు వచ్చాయి, సంతోషమే. పిల్లలకు ఒక నీడ కూడా అభివృద్ధిలో భాగమేనని ఎవరికీ తోచదేం?

బయటివాళ్లు అన్న మాట మరీ బాధ పెట్టింది. కుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు మనవాళ్లు కాదా? రాయచోటి వైపు కువైట్‌లో మనిషి లేని వీధి ఉందా? అమెరికాలో మన పిల్లలకు శనాదివారాల్లో తెలుగు చెప్పే తరగతులు చాలాచోట్ల అక్కడి బడుల్లో, కమ్యూనిటీ సెంటర్లలోనే జరుగుతున్నాయి. ఆ ఫొటోలు చూసి మురిసిపోతాం. దేశం నలుమూలల నుంచి కొండకు వచ్చేవాళ్లను బయటివాళ్లని ఏనాడూ అనలేదు. వాళ్లు దిగే హోటళ్లు కట్టినవాళ్లను మాత్రం అంటామా?

జూన్‌లో బడులు తెరిచేలోగా సాయంత్రం రెండు గంటలైనా హాలు తెరిపించాలి. నామమాత్రపు అద్దె కట్టమంటే కడతాం, రాతపూర్వకంగా ఒప్పుకుంటాం. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వాలి. మీ విలేకరి కూడా ఒకసారి వచ్చి ఆ పిల్లలతో, వాళ్ల తల్లులతో మాట్లాడి, వాళ్లు చెప్పింది కూడా అదే పేజీలో వేయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తిరుపతి