అర్హత పరీక్షలో పిల్లల తప్పులూ ఉండాలి

సంపాదకుల వారికి,

ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పాలంటే తగిన చదువు, శిక్షణ, అర్హత పరీక్ష కావాలి. ఉండాల్సిందే. కానీ అభ్యర్థికి లెక్క వచ్చా రాదా అన్నదొక్కటే చూస్తే చాలదు.

నా దగ్గరికి టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన అమ్మాయికి గణితంలో మంచి మార్కులు. ఒక పిల్లాడు 52లోంచి 38 తీసేసి 26 అని రాశాడు. ఇంటూ కొట్టి పేజీ తిప్పేసింది. వాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు పాపం! కింది లెక్కలు చూపించాకే ఆమెకు తట్టింది. విషయం తెలియడం వేరు, దాన్ని నేర్పడం తెలియడం వేరని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే రాశారు.

అర్హత పరీక్షలో ఒక నోటుపుస్తకం పేజీ ఇచ్చి, 'ఈ తప్పు ఎందుకొచ్చింది? రేపు క్లాసులో ఏం చేస్తారు?' అని అడగండి.

- విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు